రాజ్యలక్ష్మమ్మ గారి ఇల్లు

కందుకూరి వీరేశలింగం పంతులు గారి గురించి మనమంతా పాఠాల్లో చదివాం. వారి సతీమణి రాజ్యలక్ష్మమ్మ గారి గురించి చదివింది తక్కువ. 1851లో పుట్టిన ఆమె అసలు పేరు బాపమ్మ.

వితంతు వివాహానికి చట్టం 1856లోనే వచ్చింది. అయినా రాజమండ్రిలో పంతులు గారు తొలి పెళ్లి జరిపించేసరికి 1881 డిసెంబరు 11 అయింది. వధువు గౌరమ్మ చిన్నపిల్ల. బంధువులు దూరమయ్యారు. వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు రావడం మానేశారు. రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి, అందరికీ వండిపెట్టారు. ఆ తర్వాత కూడా, అయినవాళ్ల దగ్గర చోటు లేని బాలవితంతువులకు ఆ ఇల్లే పుట్టిల్లయింది. సంతానం లేని ఆమె వాళ్లనే బిడ్డలనుకున్నారు. 1910లో కన్నుమూశారు.

ఒక ఇంటికి రోజుకు ఎన్ని నీళ్లు కావాలో ఇంజనీరుగా నాకు తెలుసు. ఆ లెక్కన ఆమె మోసిన బరువు తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. చట్టం హక్కునిచ్చింది, ఆ పిల్లలకు అన్నమూ నీడా ఇచ్చింది ఆమె.

దూరపు పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకు మన బడి పక్కన ఒక వసతిగృహం కట్టగలమా? ఈ స్వర్ణోత్సవ వేళ గురువులు, మిత్రులు ఆలోచించాలని నా మనవి.