కర్నల్ సి. కె. నాయుడు

కొఠారి కనకయ్య నాయుడుగారు నాగపూరులో స్థిరపడిన యొక తెలుగు కుటుంబమున 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన జన్మించిరి. ఇండోరు నేలిన హోల్కరు మహారాజు ఆయన క్రికెట్టు ఆటకు ముగ్ధుడై తన సైన్యమున ఉద్యోగ మొసగెను. 1926లో ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయిలో 153 పరుగులు తీసి, అందు పదునొకండు సిక్సర్లు కొట్టుటతో ఆయన పేరు దేశమంతట మారుమ్రోగెను.

ఆ కాలమున ఎంత ఆట వచ్చినను సామాన్యునకు నాయకత్వము దక్కుట అరుదు. 1932లో ఇంగ్లండునకు వెళ్లిన భారత జట్టునకు పోరుబందరు మహారాజు నాయకుడు. అయితే, తన ఆట యేపాటిదో తా నెఱిగిన యా ప్రభువు, లార్డ్సు మైదానమున జరిగిన మన తొలి టెస్టునుండి తప్పుకొనెను. నాయుడుగారు నాయకులైరి. చేతికి దెబ్బ తగిలియున్నను 40 పరుగులు తీసిరి.

1936లో నాయకత్వము మరల రాజకుటుంబమునకే పోయెను. ఈసారి నాయకుడు విజయనగరపు రాజకుమారుడు. ఇరువురును తెలుగువారే, కాని పొసగలేదు! అయినను ఓవల్ మైదానమున తమ కడపటి టెస్టులో, బంతి దేహమునకు బలముగా తాకినను బెదరక, నాయుడుగారు 81 పరుగులు చేసిరి.

పిదప హోల్కరు జట్టును నడపి రంజీ విజయములు గడించిరి. 1953 అక్టోబరు 1న కోస్తా జిల్లాలతో అనంతపురమువంటి కరవు జిల్లాలును కూడి ఆంధ్ర రాష్ట్ర మేర్పడెను. ఆ క్రీడా సంవత్సరముననే రంజీ పోటీలకు తొలిసారి దిగిన ఆంధ్ర జట్టునకు, 58 ఏండ్ల నాయుడుగారు నాయకత్వము వహించిరి. అంతటితో ఆగలేదు. 61వ యేట ఉత్తరప్రదేశ్ పక్షమున ఆడిరి. 1967 నవంబరు 14న ఇండోరులో కన్నుమూసిరి.