ఆర్నాల్డ్ థైలర్

సర్ ఆర్నాల్డ్ థైలర్ (మార్చి 26, 1867 - జూలై 24, 1936) స్విట్జర్లాండులో జన్మించి దక్షిణాఫ్రికాలో స్థిరపడిన పశువైద్య శాస్త్రవేత్త. గుర్రాలకు ప్రాణాంతకమైన ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్ అనే వైరస్ వ్యాధిపై చేసిన పరిశోధనలకు, ఆండర్‌స్టెపోర్ట్ పశువైద్య పరిశోధనా సంస్థ స్థాపనకు ఈయన ప్రసిద్ధి చెందాడు.

తొలి జీవితం

థైలర్ స్విట్జర్లాండులోని ఫ్రిక్ గ్రామంలో జన్మించాడు. పశువైద్య విద్య ముగించుకొని 1891లో ట్రాన్స్‌వాల్ చేరాడు. ప్రిటోరియా సమీపంలోని ఒక వ్యవసాయక్షేత్రంలో పనిచేస్తుండగా మేత కోసే యంత్రంలో పడి ఒక చేయి కోల్పోయాడు. అయినా వృత్తిని వీడలేదు. 1893లో జోహన్నెస్‌బర్గులో మశూచి ప్రబలినపుడు టీకామందు తయారుచేసి ప్రభుత్వం దృష్టిలో పడ్డాడు. 1896లో రిండర్‌పెస్ట్ పశువులను కబళిస్తున్న కాలంలో ప్రభుత్వ పశువైద్యునిగా నియమితుడయ్యాడు.

గుర్రాల వ్యాధిపై పరిశోధన

ఈ వ్యాధి సోకిన గుర్రాలలో అత్యధిక భాగం మరణిస్తాయి. జ్వరం, ఆయాసం, ముక్కు వెంట నురుగు దీని ముఖ్య లక్షణాలు. 1854-55లో కేప్ ప్రాంతంలో సుమారు 70,000 గుర్రాలు దీనివల్ల చనిపోయాయి. రవాణాకు, సేద్యానికి, సైన్యానికి గుర్రాలే ఆధారమైన ఆ రోజుల్లో ఇది పెద్ద విపత్తు.

వ్యాధిని తట్టుకొన్న జంతువుల సీరమును, వ్యాధికారక వైరస్ గల రక్తాన్ని కలిపి ఎక్కించే పద్ధతిని థైలర్ రూపొందించాడు. సూదిమందు ఇచ్చిన జంతువుల శరీర ఉష్ణోగ్రతను నిత్యం నమోదు చేయించి, జ్వరం తీరును బట్టి రోగనిరోధక శక్తిని అంచనా వేసేవాడు. కంచరగాడిదలలో ఈ పద్ధతి బాగా ఫలించింది. గుర్రాలలో ఫలితం అంత నిలకడగా లేదు. ఒక రకం వైరస్‌ను తట్టుకొన్న గుర్రం మరొక రకానికి లొంగిపోవచ్చునని ఈయన గుర్తించాడు. ఈ వైరస్‌లో తొమ్మిది రకాలున్నాయని తరువాతి పరిశోధనలలో తేలింది. అతిచిన్న రక్తం పీల్చే క్యూలికాయిడిస్ కీటకాలు దీనిని వ్యాపింపజేస్తాయని 1944లో నిరూపితమైంది.

సీరం ఎక్కించిన గుర్రాలలో కొన్ని వారాల తరువాత కాలేయం చెడి మరణించడాన్ని కూడా థైలర్ దాచకుండా వర్ణించాడు. ఈ జబ్బుకు థైలర్ వ్యాధి అనే పేరు స్థిరపడింది. దాదాపు వందేళ్ళ తరువాత, 2018లో, దీనికి ఒక పార్వోవైరస్‌తో సంబంధం ఉన్నట్లు కనుగొన్నారు.

ఆండర్‌స్టెపోర్ట్

1908లో ప్రిటోరియా వద్ద ఆండర్‌స్టెపోర్ట్ ప్రయోగశాల ప్రారంభమైంది. థైలర్ దానికి నాయకత్వం వహించి, 1927లో పదవీ విరమణ చేశాడు. 1920లో అక్కడ ఏర్పడిన పశువైద్య విభాగానికి తొలి డీన్ కూడా ఈయనే.

గుర్తింపు

పిడుదుల ద్వారా పశువులకు సోకే థైలేరియా పరాన్నజీవికి ఈయన పేరు పెట్టారు. తెలుగునాట సంకరజాతి ఆవులకు వచ్చే థైలేరియాసిస్ ఈ ప్రజాతికి చెందిన పరాన్నజీవి వల్ల కలిగేదే. 1914లో బ్రిటిషు ప్రభుత్వం ఈయనకు సర్ బిరుదునిచ్చింది. చిన్న కుమారుడు మాక్స్ థైలర్ పచ్చజ్వరంపై పరిశోధనలకు 1951లో నోబెల్ బహుమతి పొందాడు. ఆర్నాల్డ్ థైలర్ 1936లో స్విట్జర్లాండులోని లూసెర్న్‌లో మరణించాడు.