ఎల్లాప్రగడ సుబ్బారావు: కంప్యూటర్‌కు దొరికే మందు, దొరకని మందు

దోమ కుడితే వచ్చే జబ్బుకు మందు ఇచ్చిన తెలుగువాడు ఒకరున్నారని, ఆయన పేరు చెప్పమని మన క్లాసులో అడిగితే ఎంతమంది చేయెత్తుతారో నాకు డౌటే. ఆయన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. పేరు చాలామందిమి జీకే బిట్లలో చదివే ఉంటాం. నేను చదివేది సీఎస్‌ఈ. కంప్యూటర్‌తో డెంగీ, చికున్‌గున్యాలకు మందులు ఎలా వెతుకుతారో చదువుకుంటూ పోతుంటే మధ్యలో ఈయన ఎదురయ్యారు. ముందు ఆయన కథ చెప్తాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు కటకట. చిన్నప్పుడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని ఇల్లు వదిలి బయల్దేరితే వెనక్కి పట్టుకొచ్చారట. మెట్రిక్ మూడోసారి గానీ పాసవలేదు. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి! తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కట్టడం అక్కడి ఇంగ్లీషు ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువైన ఎల్‌ఎంఎస్ పట్టా ఇచ్చి పంపారు.

ఆ రోజుల్లోనే ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది. అప్పటికి దానికి సరైన మందు లేదు. వైద్యం చదువుతున్న మనిషి ఉన్న ఇంట్లోనే ఇలా జరిగింది. రోగులను చూసుకుంటూ కూర్చోకుండా మందులు వెతికే దారిలోకి ఆయన పోవడానికి ఈ చావులు ఒక పెద్ద కారణం.

మామగారి సాయంతో, కాకినాడలోని ఒక ధర్మసంస్థ ఇచ్చిన డబ్బుతో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరి, ఖర్చులకు ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేశారు. వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. భార్య శేషగిరి గారిని ఆయన మళ్లీ చూడలేదు. అసలు ఇండియాకే తిరిగి రాలేదు. ఆయన్ను పొగిడే వ్యాసాల్లో ఈ సంగతి ఒక్క లైన్‌లో దాటిపోతుంది. నాకు మాత్రం ఆమె వైపు నుంచి చూస్తే ఇది చిన్న విషయంగా అనిపించదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే ద్రావణం అంత చిక్కని నీలం రంగుకు వస్తుంది. ఆ రంగును కొలిస్తే చాలు. బయోకెమిస్ట్రీ చదివేవాళ్లు ఫిస్కే-సుబ్బారావు మెథడ్ అని ఇప్పటికీ నేర్చుకుంటారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ ఉన్నాయని వాళ్లకు తెలిసింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే అనే మందుల కంపెనీ ల్యాబ్‌కు మారారు. అక్కడ ఎనిమిదేళ్లలో ఆయన నడిపిన టీమ్‌లు చేసిన పని చూస్తే నోరు తెరవాల్సిందే. అన్నీ రాయడం లేదు, రెండు మందులే తీసుకుంటాను.

మొదటిది హెట్రజాన్, అంటే డైఇథైల్‌కార్బమజైన్. మనం డీఈసీ అంటాం. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులకు వేల సంఖ్యలో ఫైలేరియా సోకింది. ఇది వైరస్ కాదు, దోమ మోసుకొచ్చే సన్నటి పురుగు. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు అనే జబ్బు అదే. అప్పటిదాకా ఆర్సెనిక్, యాంటిమొనీ కలిసిన ఇంజెక్షన్లు వాడేవారు. అవి పురుగుతో పాటు మనిషినీ బాధపెట్టేవి. లెడర్లేలో ఏం చేశారంటే, ఇలాంటి పురుగులే ఒంట్లో ఉన్న ఒక రకం అడవి ఎలుకలను తెచ్చారు. ఒక్కో రసాయనం ఇచ్చి, రక్తం చుక్క తీసి, మైక్రోస్కోప్ కింద పిల్లపురుగులు తగ్గాయా లేదా అని లెక్కపెట్టారు. అలా ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ పోతే డీఈసీ దగ్గర లెక్క పడిపోయింది. 1947లో ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూశారు. మాత్ర వేసుకుంటే సరిపోయే మందు అది. మన దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగిస్తున్నది ఈ మాత్రనే.

రెండోది మెథోట్రెక్సేట్. సుబ్బారావు గారి టీమ్ 1945లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను తయారుచేసింది. ఆయన అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూ రోగులకు అది పనిచేసింది. తర్వాత ఆ విటమిన్ అణువునే కొంచెం మార్చి, విటమిన్ పనికి అడ్డుపడే అణువులు తయారుచేశారు. అందులో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 1948లో ఆయన ప్రచురించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం మెరుగైంది. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే పోయారు. వయసు 53.

ఇప్పుడు మన సబ్జెక్టుకు వస్తాను. డెంగీ వైరస్ జన్యువు మొత్తం 11 వేల అక్షరాల లోపే. దాన్నుంచి తయారయ్యే ప్రోటీన్లు పది. మనం రాసే మినీ ప్రాజెక్టు కోడ్ కంటే చిన్నది! ఆ ప్రోటీన్లలో ఎన్ఎస్3 అనేది కత్తెర లాంటిది. కత్తెర నోట్లో ఇరుక్కునే అణువు దొరికితే వైరస్ పెరగదు. డాకింగ్ ప్రోగ్రామ్ లక్షల అణువులను ఒక్కొక్కటిగా ఆ నోట్లో పెట్టి, తిప్పి చూసి, స్కోర్ వేస్తుంది. 2007లో వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ అనే ఏర్పాటు ద్వారా ప్రపంచంలో ఎక్కడెక్కడో ఖాళీగా ఉన్న పర్సనల్ కంప్యూటర్ల మీద ఇదే పని డెంగీ కోసం నడిపించారు.

మెథోట్రెక్సేట్ ఈ పద్ధతికి అచ్చంగా సరిపోయే మందు. అది డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైమ్ గుంతలో తాళంచెవిలా దిగుతుంది. ఆ రెండూ కలిసిన నిర్మాణం ప్రోటీన్ డేటా బ్యాంకులో 4డీఎఫ్ఆర్ పేరుతో ఉంది. డాకింగ్ ప్రోగ్రామ్‌లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడానికి దీన్ని వాడుతుంటారు.

డీఈసీ సంగతి వేరే. అది ఎలా పనిచేస్తుందో చాలా ఏళ్ల పాటు తేలలేదు. గాజు పాత్రలో పిల్లపురుగుల మీద పోస్తే వాటికి దాదాపు ఏమీ కాదు. ఒంట్లోకి పోయాక, ఒంటి రక్షణ వ్యవస్థతో కలిసి పనిచేస్తుంది. ఏ ప్రోటీన్‌కు గురిపెట్టాలో తెలియనప్పుడు డాకింగ్ దేనికి స్కోర్ వేస్తుంది? ఈ మందును పట్టిచ్చింది ఎలుక ఒంట్లో రక్తం లెక్క. ఒకే మనిషి కింద వచ్చిన రెండు మందుల్లో ఒకటి మన ప్రోగ్రామ్‌కు దొరుకుతుంది, రెండోది కంట పడకుండా జారిపోతుంది. డాకింగ్ మీద చదివినవాటిలో ఈ మాట నాకు పెద్దగా కనపడలేదు.

ఇదంతా మన సీమకు ఎందుకు అంటారా? నీళ్లు తక్కువున్న చోట దోమలు ఉండవనుకుంటాం. డెంగీ, చికున్‌గున్యా మోసే ఏడిస్ దోమకు కావాల్సింది మురుగు కాదు, నిలవ ఉన్న మంచినీళ్లు. కర్నూలులో, కడపలో కొళాయి రోజూ రాని వీధుల్లో డ్రమ్ములు, తొట్లు, బిందెలు నింపిపెట్టుకుంటాం కదా, దానికి అదే ఇల్లు. కరువే దోమను పెంచుతుందన్నమాట. 2006లో, నేను పుట్టిన ఏడాదే, చికున్‌గున్యా మా పల్లె మీద పడింది. మా అవ్వకు జొరం వారంలో పోయింది గానీ వేళ్ల నొప్పులు పోలేదు. ఇప్పటికీ పొద్దున్నే లేస్తే చెంబు పట్టుకోలేదు. ఆ వైరస్‌ను చంపే మందు ఇంకా లేదు. కానీ జొరం తగ్గాక నెలల తరబడి వదలని కీళ్లవాపుకు కొందరు డాక్టర్లు వాడుతున్న మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. క్యాన్సర్ వైపు మొదలైన అణువు ఇలా దోమకాటు దాకా వచ్చింది. ఇది డాక్టరు చూసి, రక్తపరీక్షలు చేయిస్తూ ఇవ్వాల్సిన మందు, మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేది కాదు.

మన సీనియర్లు చాలామంది డెంగీ మీద డాకింగ్ చేసి, టాప్ టెన్ అణువుల పట్టిక రిపోర్టులో పెట్టి సబ్మిట్ చేస్తారు. పట్టిక అక్కడే ఆగిపోతుంది. సుబ్బారావు గారి ల్యాబ్‌లో పట్టిక తర్వాత ఎలుక ఉంది, ఎలుక తర్వాత ప్యూర్టోరికో ఉంది. వచ్చే ఏడాది ఎవరైనా ఈ టాపిక్ తీసుకుంటే టీమ్‌లో ఒక బయోటెక్ వాళ్లనో, మెడికల్ కాలేజీ వాళ్లనో కలుపుకోండి. కోడ్ రాయడానికి నేను రెడీ.