గోలకొండకు వచ్చిన వజ్రాల వర్తకుడు

ఈ నెల ధ్యానమునకు యెహెజ్కేలు గ్రంథము 27వ అధ్యాయము చదువుకొనుడి. తూరు పట్టణపు సరకుల వివరమది. మనలో చాలమందికి అది వట్టి పేర్ల పట్టీవలె తోచును గనుక త్వరగా దాటిపోవుదుము. అయితే వెండి ఎవరు తెచ్చిరో, గోధుమలు ఎవరు తెచ్చిరో, గొఱ్ఱెపిల్లలను ఎవరు తోలుకొని వచ్చిరో ప్రవక్త ఎంతో ఓపికతో వ్రాసెను. సముద్రము నడుమ నున్న బండమీది ఊరు లోకమునకు అంగడి యయ్యెను. అట్టి అంగడి ఒకటి మన తెలుగు నేలమీదను ఉండెను. దానిని కన్నులార చూచి వ్రాసిపెట్టిన ఒక ప్రొటెస్టెంటు వర్తకుని చరిత్రను చదువరులకు చెప్పదలచితిమి. ఆయన పేరు జాన్ బాప్టిస్టు టావెర్నియే.

హైదరాబాదుకు పడమట కోకాపేట అను ఊరున్నది. పొలములు, రాతిగుట్టలు గల ఆ పల్లెలో 2023 ఆగష్టు నెలలో ఎకరము భూమి వేలములో నూరు కోట్ల రూపాయలకు పైగా పలికెను. అచ్చట మేడలు కట్టుటకు పరరాష్ట్రముల కూలీలు పెండ్లాము బిడ్డలతో వచ్చి రేకుల పాకలలో కాపురముందురు. ఆ ఊరికి తూర్పున కొద్ది మైళ్ళలోనే గోలకొండ కోట. దూరపు ధనము, దూరపు కూలీలు ఆ ప్రాంతమునకు క్రొత్త కాదు.

టావెర్నియే 1605లో పారిసు నగరమున పుట్టెను. ఆయన పెద్దలు ఆంట్వర్పు పట్టణపువారు. విశ్వాసము నిమిత్తము హింస కలుగగా ఊరు విడిచి ఫ్రాన్సు చేరిరి. 1598లో నాలుగవ హెన్రీ రాజు నాంటు పట్టణమున ఇచ్చిన శాసనమువలన ఆ దేశమున ప్రొటెస్టెంటులు తలదాచుకొన గలిగిరి. ఇంటివారి వృత్తి దేశపటములు చెక్కి అమ్ముట. పండితులు వచ్చి పటముల మీదికి వంగి మాటలాడుచుండగా బాలుడు వినుచు కూర్చుండెడివాడు. ఇరువది రెండేండ్లకే యూరపులో చాలభాగము తిరిగెను. తరువాత తూర్పు దేశములకు ఆరు ప్రయాణములు చేసెను. 1638లో బయలుదేరిన రెండవ ప్రయాణమున మొదటిసారి గోలకొండ చూచెను.

గోలకొండ వజ్రములని లోకమంతటను పేరు. కాని కోటలో వజ్రపు గని లేదు. గనులు దూరమున కృష్ణా లోయలో నుండెను. ఇటు మచిలీపట్టణపు రేవు, అటు సూరతు రేవు, నడుమ బాటలో ఈ కోట. మచిలీపట్టణమునుండి ఓడలు పెగూ, సయాము, హోర్ముజు, మక్కా దిక్కులకు పోవుచుండెను. బాట కలిసిన చోటనే సంత, సంత ఉన్న చోటనే సుంకము, సుంకముతోనే సైన్యము. కుతుబ్ షాహీల రాజ్యము ఈలాగు బలిసెను. రాజుల శౌర్యమును కవులు పొగడిరి గాని, ఎద్దుల వీపులను ఎవరు పొగడిరి? టావెర్నియే వాటిని మరువలేదు. పదివేలు, పండ్రెండు వేలు ఎద్దులతో సాగు బంజారాల బిడారములను గూర్చి ఆయన వ్రాసెను. వారిలో నాలుగు తెగలు. ఒక తెగ ధాన్యము, ఒకటి బియ్యము, ఒకటి పప్పులు, ఒకటి ఉప్పు మాత్రమే మోయును. ఇరుకు బాటలో ఎదురైనచో వారు దాటిపోవువరకు రెండు మూడు దినములు కాచుకొనవలెను. నేడు మన జిల్లాల తండాలలో నున్న లంబాడీ సహోదరుల పూర్వికులు ఈలాగు నడిచినవారే.

గోలకొండనుండి ఏడు దినముల ప్రయాణములో కృష్ణ ఒడ్డున కొల్లూరు గని. సుమారు నూరేండ్ల క్రిందట ఒక బీదవాడు చిరుధాన్యము విత్తుటకు నేల త్రవ్వుచుండగా ఇరువది అయిదు కేరట్ల రాయి దొరికెనని అక్కడివారు ఆయనకు చెప్పిరి. ఆయన వెళ్ళునప్పటికి అచ్చట అరువది వేలమంది పనిచేయుచుండిరట. మగవారు త్రవ్వుదురు, ఆడవారును పిల్లలును మన్ను మోయుదురు. ఆ మన్ను తడిపి, ఆరబెట్టి, మనము కళ్ళములో ధాన్యము తూర్పారబట్టినట్లు తూర్పారబట్టి వెదకుదురు. యోబు గ్రంథము 28వ అధ్యాయము చదివినవారికి ఈ దృశ్యము తెలియును.

పలువురు రామళ్ళకోటగా గుర్తించిన మరియొక గనిలో ఆయన చూచిన రెండు సంగతులు మా మనస్సును విడువలేదు. అచ్చట వర్తకుల కుమారులు, పదియేండ్లు మొదలు పదునారేండ్ల వరకు గలవారు, ప్రతి ఉదయము ఒక పెద్ద చెట్టు క్రింద కూర్చుందురు. ఒక్కొక్కని నడుమున తూనికరాళ్ళ సంచి, అయిదారు వందల బంగారు వరహాలు. ఎవరైన వజ్రము తెచ్చినయెడల చేతులు మార్చి చూచి, మారు మాట లేక కొందురు. అదే గనిలో పని బాగుగా నేర్చిన కూలీకి ఏడాదికి మూడు వరహాలు మాత్రమే. అందుచేతనే వారు రాయి దాచుకొందురని టావెర్నియే వ్రాసెను. ఆయన వారిని నిందింపలేదు. వారికొరకు ఏమియు చేయనూ లేదు. ఆయన వర్తకుడు. మేము ఆయనను పరిశుద్ధుని చేయబూనలేదు.

1668లో ఆఖరి ప్రయాణము ముగించుకొని వచ్చి, పదునాలుగవ లూయీ రాజునకు వేయికి మించిన వజ్రములు అమ్మెను. వాటిలో గొప్ప నీలి వజ్రమొకటి. దానిని తరువాత చెక్కగా మిగిలిన భాగము నేడు అమెరికాలోని వాషింగ్టనులో ఉన్నది. రాజు ఆయనకు ప్రభువుల హోదా ఇచ్చెను. 1670లో జెనీవా సరస్సు దాపున ఓబోన్ అను జమీను కొనెను. 1676లో ప్రయాణ గ్రంథము అచ్చువేయించెను.

పిమ్మట 1685 అక్టోబరులో అదే లూయీ రాజు నాంటు శాసనమును రద్దుచేసెను. ప్రొటెస్టెంటు దేవాలయములను పడగొట్టించెను. సుమారు రెండు లక్షలమంది, నేతగాండ్రు, గడియారములు చేయువారు, వర్తకులు, రాత్రివేళ సరిహద్దులు దాటిపోయిరి. వారి చేతిపని ఇంగ్లండునకు, హాలండునకు, బ్రాండెన్‌బర్గునకు లాభమయ్యెను. ఆ బ్రాండెన్‌బర్గు పాలకుడే తూర్పు వర్తకము తలపెట్టి 1684లో టావెర్నియేను పిలిపించుకొనెను. ఓబోన్ జమీను 1685లో అమ్ముడుపోయెను. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. లోపలివాడొకడు తలుపు తీసెనని చెప్పుదురు. టావెర్నియే రత్నములు అమ్మిన రాజ్యము ఆయన మతస్థులను వెళ్ళగొట్టెను, కొన్న రాజ్యము లేకపోయెను.

ఎనుబది దాటిన ఆ ముసలివాడు మరల తూర్పు దిక్కునకు బయలుదేరెను. రష్యా మీదుగా పోవుచు 1689లో మాస్కోలో మరణించెను. రెండువందల యేండ్ల తరువాత ఆ నగరపు పాత ప్రొటెస్టెంటు సమాధుల తోటలో ఆయన పేరుగల రాయి కనబడెను. కొల్లూరు గనులు పులిచింతల జలాశయపు నీటి క్రింద నున్నవి. అచ్చట మన్ను మోసిన అరువది వేలమందిలో ఒక్కరి పేరును ఆయన పుస్తకములో లేదు.