మేఘనాద్ సాహా: నక్షత్రాల లెక్క కట్టిన చేత్తోనే నదుల లెక్క

మేఘనాద్ సాహా పేరు మన విద్యార్థులకు భౌతికశాస్త్రం పాఠంలో తగులుతుంది. నక్షత్రాల కాంతిని చూసి వాటి ఉష్ణోగ్రతను, వాయువుల స్థితిని లెక్కగట్టడానికి 1920లో ఆయన ఇచ్చిన సమీకరణం లేకుండా ఖగోళ భౌతికశాస్త్రం లేదు. ఇంకొందరికి జాతీయ పంచాంగం ద్వారా తెలుసు. ప్రభుత్వ గెజిట్ మీద కనిపించే శక సంవత్సరపు తేదీ ఆయన అధ్యక్షత వహించిన సంఘం సిఫారసు చేసిందే. కానీ ఈ శాస్త్రవేత్త దాదాపు మూడు దశాబ్దాల పాటు వరదల గురించి రాశారని, వాదించారని, ప్రభుత్వాలతో పోట్లాడారని తెలిసినవాళ్ళు తక్కువ. ఆ పని వెనక ఆయన పుట్టిన పల్లె ఉంది.

సాహా 1893 అక్టోబరు 6న ఢాకాకు 45 కిలోమీటర్ల దూరంలోని శేవరాతలి గ్రామంలో పుట్టారు. ఆ రోజు గాలివాన కావడంతో మేఘనాథ్ అని పేరు పెట్టారని, తర్వాత ఆయనే దాన్ని మేఘనాద్‌గా మార్చుకున్నారని చెబుతారు. మేఘనాదుడంటే ఇంద్రజిత్తు, రావణుడి కొడుకు. తండ్రి జగన్నాథ్ సాహాది చిన్న కిరాణా కొట్టు. ఎనిమిది మంది పిల్లల్లో ఈయన ఐదోవాడు.

తూర్పు బెంగాల్ పల్లపు నేల గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. అక్కడ ఇళ్ళను మట్టి పోసి ఎత్తు చేసిన దిబ్బల మీద కట్టుకుంటారు. వానాకాలం మూడు నాలుగు నెలలు పొలాలన్నీ నీళ్ళ కింద ఉంటాయి. బడికైనా సంతకైనా పడవే దిక్కు. ఏటా వచ్చే ఆ నీటిని అక్కడి జనం వరద అనరు. దానికి బర్షా అని పేరు. ఒండ్రు తెచ్చి పొలాన్ని సారవంతం చేసి, చేపలిచ్చి పోయే నీరది. లెక్క తప్పి, వేళ తప్పి, ఇల్లు ముంచే నీరు వస్తే దాన్ని మాత్రమే బన్యా అంటారు. మనం రెండింటినీ వరద అనే ఒక్క మాటలో కలిపేస్తాం. ఎంత నీరు వస్తే బతుకు, ఎంత వస్తే చావు అన్నది ఆ పల్లెల్లో పిల్లలకు కూడా తెలిసిన విషయం. ఎప్పుడు సామాను అటక ఎక్కించాలో, ఎప్పుడు పశువులను తోలుకుపోవాలో ఆ తేడాను బట్టే తేల్చుకునేవాళ్ళు.

ఊళ్ళో బడి ప్రాథమిక పాఠశాలతో అయిపోయింది. పై చదువుకు పది కిలోమీటర్ల దూరంలోని శిములియా వెళ్ళాలి. అక్కడ అనంతకుమార్ దాస్ అనే వైద్యుడు ఇంట్లో చోటిచ్చి అన్నం పెట్టాడు. బదులుగా పిల్లవాడు ఆవును చూసుకోవాలి, తన కంచం తానే కడుక్కోవాలి. అన్న జయనాథ్ జనపనార మిల్లులో వచ్చే జీతంలోంచి కొంత పంపేవాడు. 1905లో స్కాలర్‌షిప్ మీద ఢాకా కాలేజియేట్ స్కూల్లో చేరిన మేఘనాద్, బెంగాల్ విభజనను వ్యతిరేకిస్తూ గవర్నర్ ఫుల్లర్ రాకను బహిష్కరించిన విద్యార్థులతో కలిశాడు. స్కూలూ పోయింది, స్కాలర్‌షిప్పూ పోయింది. ఇంకో బడిలో చేరి చదువు సాగించాడు.

1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీకి వచ్చారు. సత్యేంద్రనాథ్ బోస్ సహాధ్యాయి, మహలనోబిస్ ఒక ఏడాది సీనియర్. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ గురువులు. ఇంతమంది గొప్పవాళ్ళ మధ్య ఉన్నా, ఈడెన్ హిందూ హాస్టల్ భోజనశాలలో కులం పేరిట ఆయనను మిగతా వాళ్ళ పంక్తిలో కూర్చోనివ్వలేదు. ఆ అవమానం గురించి ఆయన జీవితచరిత్రలన్నీ చెబుతాయి. దాని ప్రభావం ఆయన రాజకీయాల మీదే కాదు, నదుల మీద రాసిన దానిలోనూ కనిపిస్తుందని నాకనిపిస్తుంది. నీరు ఎవరి మీదికి తోలబడుతోందన్న ప్రశ్నను ఆయన వదలలేదు.

1913లో దామోదర్ నది పొంగింది. సహాయక చర్యలకు వెళ్ళిన విద్యార్థుల్లో సాహా కూడా ఉన్నారు. ఈ నది తీరు వేరు. ఛోటానాగపూర్ పీఠభూమి మీద పుట్టి, వాలు మీద వేగంగా దిగి, బర్ద్వాన్ దగ్గర చదునైన మైదానంలో పడుతుంది. ఎగువ గుట్టల మీద కుంభవృష్టి కురిస్తే దిగువన గంటల్లోనే ఉధృతి పెరుగుతుంది. ఢాకా పల్లెల్లో నీరు నెమ్మదిగా, చెప్పి వచ్చినట్టు పెరిగేది. ఇక్కడ చెప్పకుండా వస్తుంది.

ఈ నది చరిత్రలో ఒక పాత అన్యాయం ఉంది. దామోదర్‌కు రెండు వైపులా జమీందార్ల కాలం నుంచి గట్లున్నాయి. ఎడమ వైపున బర్ద్వాన్ పట్టణం, గ్రాండ్ ట్రంక్ రోడ్డు, కొత్తగా వేసిన రైలు మార్గం. 1850లలో కుంఫిణీ ప్రభుత్వం ఆ వైపును కాపాడుకోవడం కోసం కుడి గట్టును సుమారు 20 మైళ్ళ మేర తీసేసింది. నదికి ఒక వైపు గోడ, ఇంకో వైపు తెరిచిన తలుపు అన్నమాట. వరద భారమంతా కుడి వైపు పల్లెల మీదికి పోయింది. ఎడమ వైపు పొలాలకు ఒండ్రు నీరు అందక, పాత కాలువలు పూడిపోయి మలేరియా పెరిగిందని తర్వాతి తరం నిపుణులు వాదించారు. ఈజిప్టులో పనిచేసిన ఇంజనీరు విలియం విల్‌కాక్స్ వారిలో ఒకరు.

1922 సెప్టెంబరు చివర్లో ఉత్తర బెంగాల్ మునిగింది. ప్రఫుల్ల చంద్ర రాయ్ నాయకత్వంలో సహాయ సంఘం ఏర్పడింది. సుభాష్ చంద్ర బోస్ క్షేత్రంలో ఉన్నారు, సాహా కలకత్తా నుంచి ప్రచారం చూశారు. అప్పటికే ఆయన లండన్, బెర్లిన్ ప్రయోగశాలల్లో పనిచేసి, పేరు సంపాదించి తిరిగొచ్చిన ప్రొఫెసర్. ఆ ఏడాదే మోడర్న్ రివ్యూ పత్రికలో ఈ వరద మీద వ్యాసం రాశారు. వాన ఎక్కువ పడిన మాట నిజమే గాని, ఆ నీరు పోవడానికి దారి లేకుండా చేసింది చాలినన్ని తూములు లేని రైలు కట్టలేనన్నది ఆయన వాదన. దైవం మీద తోసేసిన నష్టంలో మనిషి చేసిన భాగమెంతో తేల్చాలని అడిగారు. ఈ వరద లెక్కలనే మహలనోబిస్ తర్వాత గణాంకాల పద్ధతిలో పరిశీలించారు. నీటిని ఆపే జలాశయాల కంటే త్వరగా పోయే దారి ముఖ్యమని ఆయనా తేల్చారు.

1923 నుంచి 1938 దాకా సాహా అలహాబాద్‌లో ఉన్నారు. 1927లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. నదుల సంగతి మాత్రం మరవలేదు. 1932లో తన గురువు రాయ్ డెబ్బయ్యో పుట్టినరోజు సంచికకు ఆయన ఎంచుకున్న అంశం నక్షత్రాలు కాదు, బెంగాల్‌కు నదీ పరిశోధనశాల కావాలన్నది. 1934లో సైన్స్ కాంగ్రెస్ అధ్యక్ష పీఠం మీద నుంచీ ఆ విషయమే ఎత్తారు. 1935లో సైన్స్ అండ్ కల్చర్ పత్రిక పెట్టాక దాని పుటల్లో నదుల మీద వరుసగా రాశారు. ఎక్కడ ఎంత వాన పడింది, ఏ రేవు దగ్గర నీటిమట్టం ఏ గంటకు ఎంత ఉంది, సెకనుకు ఎంత నీరు పోతోంది, అడుగున ఎంత ఇసుక చేరుతోంది? ఈ నాలుగూ ఏళ్ళ తరబడి కొలిస్తేగాని నది గురించి మాట్లాడే హక్కు లేదన్నది ఆయన పట్టుదల. వరద హెచ్చరికకు పునాది కూడా ఇదే. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో హెచ్చరిక ఇస్తారని మనవాళ్ళకు కంఠతా వచ్చు. ఆ మూడు అంకెలకూ అర్థం వచ్చింది ఏళ్ళ తరబడి రాసిపెట్టిన కొలతల వల్లే.

1938లో కాంగ్రెస్ జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పాటుకు సుభాష్ బోస్‌ను ఒప్పించినవాళ్ళలో సాహా ముఖ్యులు. అధ్యక్షుడిగా మొదట అనుకున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య దగ్గరికి వెళ్ళి, నెహ్రూ అయితే కాంగ్రెస్ వాళ్ళు మాట వింటారని నచ్చజెప్పిందీ ఆయనేనంటారు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌కు జలాశయాల పథకం గీసిన విశ్వేశ్వరయ్య పక్కకు తప్పుకున్నారు.

1943 జూలై. ఒక పక్క ప్రపంచ యుద్ధం, ఇంకో పక్క బెంగాల్ కరువు. బర్ద్వాన్ సమీపంలో అమీర్‌పూర్ దగ్గర దామోదర్ ఎడమ గట్టు తెగింది. రైలు మార్గం, గ్రాండ్ ట్రంక్ రోడ్డు కొట్టుకుపోయి కలకత్తాకు ఉత్తరాదితో సంబంధం వారాల తరబడి తెగిపోయింది. ఇక్కడ అంకెలు గమనించాలి. 1913లోను, 1935లోను ఈ నదిలో సుమారు ఆరున్నర లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1943లో వచ్చింది దాదాపు మూడున్నర లక్షలే. పెద్ద వరదలు వచ్చి కుడి వైపు పల్లెలు మునిగినప్పుడు కదలని ప్రభుత్వం, దాదాపు సగం వరదకు సైన్యం సరఫరా ఆగేసరికి కదిలింది. బర్ద్వాన్ మహారాజా అధ్యక్షతన విచారణ సంఘం వేసింది. సాహాను సభ్యుడిగా తీసుకుంది.

సంఘంలో ఆయన వాదన గట్లు ఇంకా ఎత్తు చేయడం గురించి కాదు. నది మొత్తాన్ని, పుట్టిన చోటు నుంచి కలిసే చోటు దాకా, ఒకే సంస్థ చూడాలన్నది. అమెరికాలో టెనెసీ లోయ సంస్థ నమూనా అప్పటికి పదేళ్ళ పాతది. కమలేశ్ రాయ్‌తో కలిసి సాహా దామోదర్ లోయకు అలాంటి ప్రణాళిక రాసి ప్రచురించారు. కేంద్రంలో ఈ విషయం చూస్తున్న కార్మిక శాఖ సభ్యుడు బి.ఆర్. అంబేడ్కర్. 1945 జనవరిలో కలకత్తాలో బెంగాల్, బిహార్ ప్రతినిధులను కూర్చోబెట్టి మాట్లాడిందీ ఆయనే. హాస్టల్ పంక్తి నుంచి లేపబడినవాడొకరు, బడిలో నీళ్ళకుండ ముట్టనివ్వబడనివాడొకరు. ఇద్దరి దారులూ దామోదర్ ఒడ్డున కలిశాయి. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనబడదు.

టెనెసీ నుంచి వచ్చిన ఇంజనీరు వూర్డుయిన్ పది లక్షల క్యూసెక్కుల వరదనైనా తట్టుకునేలా ఎనిమిది డ్యాంల పథకం ఇచ్చారు. 1948 జూలైలో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ పుట్టింది. కట్టినవి మాత్రం నాలుగే: తిలైయా, కోనార్, మైథాన్, పంచేత్. ఆ చివరి రెండు జలాశయాలకూ అనుకున్నంత ఎత్తు దాకా భూమి సేకరించలేదు కనుక వరద నిలవ చేసే చోటు ఇంకా తగ్గింది. సంస్థలో సాంకేతిక నిపుణుల కన్నా పరిపాలనాధికారుల మాటే చెల్లుతోందని సాహా ఘాటుగా విమర్శించారు. 1952లో కలకత్తా వాయవ్య నియోజకవర్గం నుంచి స్వతంత్రుడిగా లోక్‌సభకు గెలిచాక ఆ విమర్శ నెహ్రూ ముఖం మీదే సాగింది.

ఆయనకూ ఒక గుడ్డి మచ్చ ఉంది. దిగువ పల్లెలను కాపాడే జలాశయాల కింద ఎగువన మునిగే సంతాల్ పల్లెల సంగతి ఆ తరం ప్రణాళికావేత్తలకు లెక్కలో ఒక పద్దు మాత్రమే. నీరు ఎవరి మీదికి తోలబడుతోందని అడిగిన మనిషి, ఇక్కడ అంత గట్టిగా అడగలేదు. దేశ విభజనతో తన సొంత ఊరు సరిహద్దు అవతల పడిపోయాక తూర్పు బెంగాల్ కాందిశీకుల కోసం అంతగా తిరిగినవాడు కూడా.

1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి వెళుతూ దారిలో కుప్పకూలి మరణించారు. వయసు 62. మైథాన్ గేట్లు అప్పటికింకా తెరవలేదు. దేశంలో శాస్త్రీయ వరద సూచన మొదలైంది మరో రెండేళ్ళకు, 1958లో, ఢిల్లీ పాత రైలు వంతెన దగ్గర యమునా నది మీద.

నాలుగు డ్యాంలు చాలా వరదలను తగ్గించాయి. కాని 1978లోను, 2000లోను దిగువ బెంగాల్ మునిగింది. డ్యాంల కింది భాగంలో పడే వానకు డ్యాం ఏం చేస్తుంది? 2024 సెప్టెంబరులో మైథాన్, పంచేత్‌ల నుంచి భారీగా నీరు వదిలినప్పుడు హుగ్లీ జిల్లా ఖానాకుల్, హౌరా జిల్లా ఉదయనారాయణపూర్ పరిసరాల్లో ఇళ్ళు మునిగాయి. తమతో సంప్రదించలేదని రాష్ట్ర ప్రభుత్వం అంది. నీటి విడుదల నిర్ణయించే కమిటీలో రాష్ట్ర ప్రతినిధి ఉన్నారని, సమాచారం ఇచ్చామని కేంద్రం అంది. రాష్ట్రం తన ప్రతినిధులను ఉపసంహరించుకుంది. కమిటీ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి బ్లాకుకు, బ్లాకు నుంచి మైకు పట్టుకున్న పంచాయతీ మనిషికి ఆ కబురు ఏ గంటకు చేరిందన్నది ఆ వాదులాటలో ఎవరూ పెద్దగా అడగలేదు.

దామోదర్ నీటిలో ఎక్కువ భాగం ఇప్పుడు పోయేది ముండేశ్వరి పాయలోంచి. ఖానాకుల్ మీదికి వచ్చే నీరు ఆ పాయదే. అది నదికి కుడి వైపు, 1850లలో గట్టు తీసేసిన వైపు.