మాచాని సోమప్ప
మాచాని సోమప్ప కర్నూలు జిల్లా ఎమ్మిగనూరుకు చెందిన చేనేత సహకారోద్యమ నాయకుడు, పద్మశ్రీ పురస్కార గ్రహీత. ఆదోని ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు కర్నూలు జిల్లాలో చేరింది.

ఆనాటి నేతగాడు షావుకారు వద్ద నూలు అరువు తెచ్చుకొని, నేసిన గుడ్డను అతడు చెప్పిన ధరకే అప్పగించవలసి వచ్చేది. ఈ పరాధీనతను తొలగించేందుకు సోమప్ప 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార ఉత్పత్తి, విక్రయ సంఘాన్ని స్థాపించాడు. సంఘమే సభ్యులకు నూలు ఇచ్చి, కూలి చెల్లించి, గుడ్డను అమ్మేది. నేతపనివారి నివాసానికి కాలనీ కూడా ఏర్పడింది. గళ్ళు, చారల నమూనాలు పడుగు, పేకల రంగుల కూర్పుతో మగ్గంపైనే రూపొందేవి. తరువాతి కాలంలో మరమగ్గాల పోటీ వలన చేనేత దెబ్బతిన్నా, ఎమ్మిగనూరు చేనేత పట్టణంగానే పేరు నిలుపుకుంది.