ఊరిని చదివి బడి కట్టిన లారీ బేకర్

బదిలీ అనే మాట మన బడి పిల్లలకు కొత్త కాదు. ఉత్తర్వు రాగానే సామాను సర్దుకుంటాం, కొత్త ఊళ్ళో కొత్త భాష వింటాం. ఉపాధ్యాయులమైన మాదీ అదే దారి. కొత్త చోటికి వెళ్ళగానే పాత ఊరితో పోల్చి, ఇక్కడ అది లేదు, ఇది లేదు అనుకోవడం మనందరికీ అలవాటే. దేశమే మారి వచ్చినా అలా అనుకోకుండా, అడుగుపెట్టిన ప్రతి ఊరినీ పాఠంలా చదువుకున్న వాస్తుశిల్పి లారీ బేకర్ గురించి ఈసారి తెలుసుకుందాం.

బేకర్ 1917 మార్చి 2న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. అక్కడే చదివి, 1937లో వాస్తుశిల్పి అయ్యారు. రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టకుండా అంబులెన్స్ దళంలో చేరి, చైనాలో రోగులకు సేవ చేశారు. తిరిగి వెళ్తూ ఓడ కోసం బొంబాయిలో ఆగినప్పుడు గాంధీజీని కలిశారు. ఇంటికి కావలసిన సామగ్రి చుట్టుపక్కల ఐదు మైళ్ళలోపే దొరకాలన్న గాంధీజీ ఆలోచన ఆయన మనసులో నాటుకుపోయింది.

1945లో కుష్ఠురోగులకు సేవచేసే ఒక సంస్థ తరఫున ఆయన మళ్ళీ మన దేశానికి వచ్చారు. ఇక్కడి మట్టి, ఎర్రరాయి, చెదలు, కుండపోత వానల గురించి ఆయన చదివిన పుస్తకాల్లో ఏమీ లేదు. అదే సంస్థలో హైదరాబాదులో పనిచేస్తున్న డాక్టర్ ఎలిజబెత్ జేకబ్‌ను 1948లో వివాహం చేసుకున్నారు. ఇద్దరూ హిమాలయాల్లోని పిథోరాగఢ్ వెళ్ళి, దాదాపు పదిహేనేళ్ళు అక్కడే ఉండిపోయారు. ఆ కొండవాళ్ళు ఏ కాలేజీలోనూ చదవలేదు. అయినా దగ్గర్లో దొరికే రాయి, కర్ర, మట్టితో చలికి, వానకి తట్టుకునే ఇళ్ళు కట్టుకున్నారు. బేకర్ వాళ్ళ పని చూసి మళ్ళీ విద్యార్థి అయ్యారు. అలా నేర్చుకున్నదానితోనే అక్కడ ఆసుపత్రి, బడి కట్టారు. లక్నోలో వయోజనులకు చదువు చెప్పే లిటరసీ విలేజ్ భవనాలకు రూపమిచ్చిందీ ఆయనే.

1960లలో ఆ దంపతులు కేరళకు మారారు. కొండ చలికి పనికొచ్చిన పద్ధతి ఇక్కడి ఉక్కకు పనికిరాదు. దాంతో బేకర్ ఇటుకను కొత్తగా వాడారు. ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి పేరిస్తే గోడ మధ్యలో ఖాళీ మిగులుతుంది. దాదాపు నాలుగోవంతు ఇటుకలు ఆదా అవుతాయి. లోపలి గాలి ఎండవేడిని అడ్డుకుంటుంది. గోడలో ఇటుకల మధ్య సందులు వదిలి జాలీలా కడితే, కిటికీ చట్రాల ఖర్చు లేకుండానే గాలి, వెలుతురు లోపలికి వస్తాయి. శ్లాబు అడుగుభాగంలో బరువును ఆపేది ఇనుప ఊచలు. అక్కడ కాంక్రీటుకు పని తక్కువ. అందుకే ఊచల మధ్య పాత పెంకులు పెట్టి సిమెంటు మిగిల్చారు.

ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌ను స్థాపించారు. దాని భవనాల్లో ఈ పద్ధతులన్నీ కనిపిస్తాయి. అడ్డొచ్చిన చెట్టును కొట్టకుండా బేకర్ గోడనే వంపు తిప్పారు. అదే నగరంలోని లయోలా విద్యాసంస్థలో ప్రార్థనామందిరం, సభాభవనం కూడా తక్కువ ఖర్చుతో కట్టారు. కాగితం మీద గీసి ఊరుకోలేదు. రోజూ పని జరిగేచోటికి వెళ్ళి మేస్త్రీలతో కలిసి నిర్ణయాలు తీసుకునేవారు. ఖర్చులో ఎక్కువ భాగం సిమెంటు, ఉక్కు కంపెనీలకు కాకుండా కూలీల చేతికి అందాలన్నది ఆయన పట్టుదల.

ఆయనకు భారత పౌరసత్వం, 1990లో పద్మశ్రీ లభించాయి. 2007 ఏప్రిల్ 1న తొంభై ఏళ్ళ వయసులో తిరువనంతపురంలోనే కన్నుమూశారు.

మనం ఏ ఊళ్ళోనూ బేకర్‌లా పదిహేనేళ్ళు ఉండకపోవచ్చు. ఉన్న రెండు మూడేళ్ళలోనైనా ఆ ఊరి పాత ఇళ్ళను గమనిద్దాం. గుమ్మం ఎటు ఉంది, చూరు ఎంత కిందికి దిగింది, గోడ దేనితో కట్టారు అని అక్కడి పెద్దవాళ్ళను అడుగుదాం. అడిగినకొద్దీ ఆ ఊరు మనకు దగ్గరవుతుంది.